పనికొచ్చే ఆయుధాన్ని నిషేధించడం



మందుపాతరల నిషేధాన్ని ప్రపంచం చాలాకాలం ఒక విజయగాథగా చెప్పుకుంది. అలా చెప్పుకోవడానికి కారణాలున్నాయి. 1992లో ఆరు స్వచ్ఛంద సంస్థలు చేయి కలిపి ఉద్యమం మొదలుపెట్టాయి. అయిదేళ్ళు తిరిగేసరికి, 1997 డిసెంబరులో, కెనడా రాజధాని ఒట్టావాలో 122 దేశాలు నిషేధ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఉద్యమానికీ, దాన్ని నడిపిన జోడీ విలియమ్స్‌కూ ఆ ఏటి నోబెల్ శాంతి బహుమతి దక్కింది. 1999 మార్చి 1న ఒప్పందం అమల్లోకి వచ్చింది. అందులో చేరిన దేశాలు తమ గిడ్డంగుల్లోని అయిదున్నర కోట్లకు పైగా మందుపాతరలను ధ్వంసం చేశాయి. మొజాంబిక్ 2015లో తన నేల శుభ్రపడిందని ప్రకటించింది. కంబోడియాలో 1996లో ఒక్క ఏడాదిలో 4,300 మందికి పైగా మందుపాతరల వల్ల, పేలకుండా మిగిలిన బాంబుల వల్ల ప్రాణాలో, కాళ్ళూ చేతులో పోగొట్టుకున్నారు. ఈమధ్య కాలంలో ఆ సంఖ్య ఏడాదికి వందలోపుకు దిగింది. 2008లో డబ్లిన్‌లో క్లస్టర్ బాంబుల నిషేధ ఒప్పందం కూడా కుదిరింది. ఆ గాథ 2025లో అడ్డం తిరిగింది. లిథువేనియా, లాత్వియా, ఎస్తోనియా, ఫిన్లాండ్, పోలండ్ దేశాలు ఒట్టావా ఒప్పందం నుంచి వైదొలగుతున్నామని ఐక్యరాజ్యసమితికి తెలియజేశాయి. అంతకుముందే, అదే ఏడాది మార్చిలో, లిథువేనియా క్లస్టర్ బాంబుల ఒప్పందాన్ని కూడా వదిలేసింది. ఆ ఒప్పందం నుంచి బయటికి నడిచిన మొదటి దేశం అదే. ఉక్రెయిన్ అయితే ఒట్టావా ఒప్పందం అమలును ‘నిలిపివేస్తున్నాం’ అంది. ఒప్పందంలో అలా నిలిపివేసే వెసులుబాటే లేదు.

ఇవేవీ ఆటవిక రాజ్యాలు కావు. ఎన్నికలు జరిగే, కోర్టులు పనిచేసే, చట్టాన్ని గౌరవించే దేశాలు. అవే తప్పుకుంటున్నాయంటే, నిషేధానికి మనం చూపించిన కారణాల్లోనే ఏదో లోపం ఉండాలి. నా ఉద్దేశంలో లోపం ఇదీ: మందుపాతర యుద్ధంలో పెద్దగా పనికిరాదు కాబట్టి వదిలేద్దామని సైన్యాలను ఒప్పించాం. అది సగం నిజం. యుద్ధం గుమ్మంలోకి వచ్చేసరికి మిగిలిన సగం బయటపడింది. పనికిరాని ఆయుధాన్ని వదులుకోవడానికి ఒప్పందం ఎందుకు? పనికొచ్చే ఆయుధాన్ని వదులుకోవడానికే చట్టం కావాలి. నిషేధాన్ని ఇప్పుడు ఆ పునాది మీద మళ్ళీ నిలబెట్టుకోవాలన్నదే నేను చెప్పదలచుకున్నది.

ముందు ఒట్టావా ఒప్పందం దేన్ని నిషేధించిందో చూడాలి. అది మందుపాతరలన్నింటినీ నిషేధించలేదు. ట్యాంకులను, వాహనాలను ఆపడానికి పెట్టేవి దాని పరిధిలోకి రావు. మనిషి దగ్గరికి వచ్చినా, తాకినా, కాలు మోపినా దానంతటది పేలేదే నిషిద్ధం; ఎవరో కాచుకుని పేల్చేది కాదు. ఈ తేడా తెలుగువారికి వివరించి చెప్పనక్కర్లేదు. 2003 అక్టోబరు 1న అలిపిరి దగ్గర అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు కాన్వాయ్ మీద క్లెమోర్ మైన్లు పేల్చినవాళ్ళు వాహనం వచ్చేదాకా కాచుకుని మరీ పేల్చారు. అది హత్యాప్రయత్నం, నేరం. అయినా ఈ ఒప్పందం మాట్లాడే ఆయుధం కాదు. 2024 జూన్‌లో ములుగు జిల్లా వాజేడు మండలంలోని కొంగాల అడవిలో కట్టెలకు వెళ్ళిన గ్రామస్థుడి ప్రాణం తీసిందే, అది ఈ ఒప్పందం మాట్లాడే ఆయుధం. అక్కడ గురి చూసినవాడు లేడు, మీట నొక్కినవాడు లేడు. మీట చచ్చిపోయినవాడి పాదం కింద ఉంది. ఫ్యాక్టరీలో తయారైందా, అడవిలో టిఫిన్ డబ్బాలో కూరి చేసిందా అన్న భేదాన్ని కూడా ఒట్టావా నిర్వచనం పట్టించుకోదు. కాలు మోపినవాడి వల్లే పేలుతుందా లేదా అన్నదొక్కటే దానికి ముఖ్యం.

ప్రభుత్వాలు సంతకం చేసినంత మాత్రాన ప్రభుత్వేతర సాయుధ దళాలు వింటాయా అన్న ఆక్షేపణకు ఇక్కడే జవాబు చెప్పేయవచ్చు. 2025 ఏప్రిల్‌లో కర్రెగుట్టల మీద బాంబులు అమర్చామనీ, జనం అటు రావద్దనీ మావోయిస్టుల పేరిట ప్రకటన వచ్చింది. ఏప్రిల్, మే అంటే తునికాకు కోత కాలం. ఆ సంపాదన మీదే ఏడాది గడిపే ఇళ్ళకు అడవిలోకి రావద్దని చెప్పడమంటే తిండి మానేయమనడమే. అయినా ఆ ప్రకటనలో ఒక సంగతి గమనించాలి. పెట్టినవాళ్ళు పెట్టామని ఒప్పుకుని, హెచ్చరించే బాధ్యత తమకుందని పరోక్షంగా అంగీకరించారు. ఈ మాత్రపు జంకును పట్టుకునే 2000 సంవత్సరం నుంచి జెనీవా కాల్ అనే సంస్థ పలు దేశాల్లోని సాయుధ దళాల చేత మందుపాతరలు వాడబోమని ప్రతిజ్ఞాపత్రాల మీద సంతకాలు చేయిస్తోంది. అన్నీ మాట నిలబెట్టుకున్నాయని కాదు. కానీ తాను తయారుచేస్తూ, పాతుతూ ఉన్న ప్రభుత్వం, అడవిలో పాతినవాణ్ణి అమానుషుడని తిట్టినప్పుడు ఆ తిట్టులో సగం బలమే ఉంటుంది.

క్లస్టర్ బాంబు సంగతి కొంచెం వేరు. అది పేలాలనే వేస్తారు; పేలకుండా మిగిలినవి మందుపాతరలవుతాయి. ఒక పెద్ద డొల్ల గాలిలో విచ్చుకుని వందలాది చిన్న బాంబులను పొలాల మీద చల్లుతుంది. దీనికి లావోస్‌ను మించిన ఉదాహరణ లేదు. 1964 నుంచి 1973 వరకు, ఆ దేశం మీద యుద్ధం ప్రకటించకుండానే, అమెరికా 20 లక్షల టన్నులకు పైగా బాంబులు కురిపించింది. సగటు లెక్కేస్తే తొమ్మిదేళ్ళపాటు రాత్రీపగలూ ప్రతి ఎనిమిది నిమిషాలకు ఒక విమానం ఖాళీ అయింది. అందులో చిన్న బాంబులు 27 కోట్లు. వాటిలో మూడోవంతు దాకా, అంటే సుమారు 8 కోట్లు, పేలకుండా నేలలో ఉండిపోయాయని అంచనా. అక్కడివాళ్ళు వాటిని ‘బాంబీ’ అంటారు. టెన్నిస్ బంతి అంత ఇనుప గుండు, లోపల వందల ఉక్కు గోలీలు. పలుగు తగిలితే పేలుతుంది. భూమిలో ఉన్నదాని మీద చలిమంట వేసుకుంటే పేలుతుంది. పిల్లలు బంతి అనుకుని విసురుకుంటే పేలుతుంది. బాంబులు వేసిన పైలట్లు ముసలివాళ్ళయ్యారు, చాలామంది పోయారు కూడా. షియెంగ్ ఖువాంగ్ రాష్ట్రంలో ఈ ఏడు నాగలి పట్టే కుర్రవాడికి ఆ యుద్ధం ఎందుకు జరిగిందో పాఠ్యపుస్తకం చూసి తెలుసుకోవలసిందే.

గాయం గురించి కూడా నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే ‘మానవతా సమస్య’ అన్న మాట వెనక అది మాయమైపోతుంది. అఫ్ఘానిస్తాన్‌లో సోవియట్ హెలికాప్టర్లు చల్లిన పీఎఫ్ఎం-1 అరచేతిలో పట్టే ప్లాస్టిక్ వస్తువు. ఒక రెక్క లావు, ఒక రెక్క పలచన. బరువు 75 గ్రాములు. అందులో మందు 40 గ్రాములకు లోపే. అయిదు కిలోల ఒత్తిడి చాలు, అదీ ఒక్కసారే పడనక్కర్లేదు; పిల్లవాడు నాలుగుసార్లు నొక్కితే ఆ నాలుగూ కలిసి లెక్కకొస్తాయి. అంత చిన్నది సాధారణంగా చంపదు, పాదమో చెయ్యో తీసుకుంటుంది. పెద్ద మందుపాతరైతే మట్టినీ, చెప్పు ముక్కలనూ, గడ్డినీ ఎముక వెంట పైదాకా తోస్తుంది. అందుకే పాదం పోయినవాడికి సర్జన్ మోకాలి కిందో పైనో కోయవలసి వస్తుంది. పిల్లలకైతే కోసిన తరువాత కూడా ఎముక పెరుగుతూనే ఉంటుంది, చర్మాన్ని పొడుచుకుని వస్తుంది, మళ్ళీ కోయాలి. కృత్రిమ కాలు ఎదిగే పిల్లలకు ఆర్నెల్లకోసారి మార్చాలి. ‘మయూరి’ సినిమాతో మన ఇళ్ళలో అందరికీ పరిచయమైన జైపూర్ కాలు అఫ్ఘానిస్తాన్‌లో, కంబోడియాలో కూడా మందుపాతరల బాధితులను నడిపించింది. నిషేధ ఒప్పందంలో చేరని దేశం ప్రపంచానికి ఇచ్చిన కాలు అది.

ఇక సైనిక ప్రయోజనం విషయానికి వస్తాను. 1996లో అంతర్జాతీయ రెడ్‌క్రాస్ ఒక అధ్యయనం ప్రచురించింది. 26 యుద్ధాలను పరిశీలించి, మనుషుల మీద వాడే మందుపాతరలు యుద్ధ ఫలితాన్ని మార్చిన దాఖలాలు లేవనే నిర్ధారణకు వచ్చింది. అదే ఏడాది ఏప్రిల్‌లో గల్ఫ్ యుద్ధ విజేత నార్మన్ ష్వార్జ్‌కాఫ్‌తో సహా 15 మంది అమెరికన్ రిటైర్డ్ సైనికాధికారులు నిషేధాన్ని సమర్థిస్తూ అధ్యక్షుడు క్లింటన్‌కు బహిరంగ లేఖ రాశారు. 1991 గల్ఫ్ యుద్ధంలో అమెరికా లక్షకు పైగా మందుపాతరలు వెదజల్లింది. అవి శత్రువు మీద ఏ ప్రభావమైనా చూపాయనడానికి సైనిక నివేదికల్లో ఆధారం లేదని ఆ దేశపు సొంత ఆడిట్ సంస్థే 2002లో తేల్చింది. తమ దారికే అడ్డం వస్తాయని కొందరు కమాండర్లు వాటిని వాడటానికి వెనకాడారని కూడా రాసింది. వాదన గట్టిదే. 2023 వేసవిలో ఉక్రెయిన్‌లోని జపోరీజియాలో అది బీటలు వారింది. రష్యా వరుసలు వరుసలుగా పాతిన మందుపాతరల్లో ఉక్రెయిన్ ఎదురుదాడి చిక్కుకుపోయింది. ట్యాంకులను ఆపింది ప్రధానంగా ఒట్టావా నిషేధించని ట్యాంకు మైన్లే, వాటి వెనక ఫిరంగులు, డ్రోన్లు ఉన్నాయి అని మనం సమాధానం చెప్పుకోవచ్చు. అది నిజమే గానీ తప్పించుకునే సమాధానం. ట్యాంకు మైన్లను చేత్తో తీయడానికి వచ్చిన సైనికుణ్ణి అడ్డుకున్నది వాటి మధ్య పాతిన చిన్న మైన్లే. కాబట్టి ఒప్పుకుందాం. పక్కా ప్రణాళికతో, కాపలాతో పాతిన మందుపాతర శత్రువును ఆలస్యం చేయగలదు.

ఒప్పుకున్నంతలో వాదన కూలదు. విషవాయువు కూడా పనికొచ్చేదే. 1925లో జెనీవాలో దాన్ని నిషేధించింది పనికిరాదని కాదు. అంతకుముందు 1868లో రష్యా జారు పిలుపు మీద సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కూడిన దేశాలు 400 గ్రాములకు తక్కువ బరువుండే పేలుడు గుళ్ళను వదులుకున్నాయి. శత్రువును యుద్ధం నుంచి తప్పించడానికి ఎంత బాధ అవసరమో అంతకు మించి పెట్టే హక్కు ఎవరికీ లేదన్నదే అక్కడి సూత్రం. మందుపాతర విషయంలో నేను ఇంకో మెట్టు ఎక్కుతాను. తుపాకీ పేల్చిన సైనికుణ్ణి, ఎవరిని కాల్చావు, ఎందుకు కాల్చావు అని అడగవచ్చు. ఆ ప్రశ్న మీదే యుద్ధ న్యాయమంతా నడుస్తుంది. మందుపాతరను పాతిన రోజున జవాబుదారీ అయిన మనిషి అక్కడినుంచి వెళ్ళిపోతాడు. సైనికుడికీ మేకల కాపరికీ తేడా తెలుసుకునే బాధ్యతను ఒక స్ప్రింగుకు అప్పగించి వెళ్తాడు. కాల్పుల విరమణ కుదిరిన సంగతి ఆ స్ప్రింగుకు ఎవరూ చెప్పలేరు. 2024లో ప్రపంచవ్యాప్తంగా ఆరు వేల మందికి పైగా మందుపాతరల, యుద్ధపు పేలుడు శేషాల బారిన పడ్డారు. వివరాలు తెలిసినవారిలో పదింట తొమ్మిది వంతులు పౌరులే. ఇది గురి తప్పడం కాదు. గురి అనేదే లేని ఆయుధం ఇలాగే పనిచేస్తుంది.

అయితే తెలివైన మైన్లు వాడదాం, నిర్ణీత గడువు తరువాత వాటంతటవే నిర్వీర్యమవుతాయి కదా అంటారు. ఇది పరీక్షలో ఓడిపోయిన మాట. క్లస్టర్ బాంబుల్లో వాడే, స్వయంగా పేలిపోయే ఏర్పాటున్న ఎం85 చిన్న బాంబులు నూటికి ఒకటో రెండో మాత్రమే పేలకుండా మిగులుతాయని తయారీదారులు, కొన్నవాళ్ళు చెప్పారు. 2006లో ఇజ్రాయెల్ దక్షిణ లెబనాన్ మీద, అదీ యుద్ధవిరమణ ఖాయమైన చివరి మూడు రోజుల్లోనే ఎక్కువగా, లక్షల సంఖ్యలో చిన్న బాంబులు చల్లింది. తరువాత పొలాల్లో వెతికి లెక్కపెడితే ఎం85 రకమే నూటికి పది దాకా పేలకుండా పడి ఉంది. నార్వే చొరవతో క్లస్టర్ బాంబుల ఒప్పందం మొలకెత్తింది ఆ పొలాల్లోంచే. 2023 జులైలో ఉక్రెయిన్‌కు క్లస్టర్ గుండ్లు పంపుతూ అమెరికా మళ్ళీ, పేలకుండా మిగిలేవి 2.35 శాతానికి మించవంది. పరీక్షా మైదానంలో గట్టి నేల మీద పడేదానికీ, దున్నిన పొలంలో బురదలో పడేదానికీ తేడా ఉంటుందని రైతును అడిగినా చెబుతాడు.

రష్యా సరిహద్దున బతికేవాళ్ళకు ఇక్కడ కూర్చుని నీతులు చెప్పడం తేలికే అన్నది అసలైన ఆక్షేపణ. దాన్ని కొట్టిపారేయను. ఫిన్లాండ్‌కు రష్యాతో 1,340 కిలోమీటర్ల సరిహద్దుంది. వాళ్ళ భయం కల్పితం కాదు. కానీ నార్వేకూ రష్యాతో సరిహద్దుంది, నార్వే ఒప్పందంలోనే ఉంటానంది. అంటే ఇది భౌగోళిక విధి కాదు, ఎంచుకున్న దారి. అదీగాక ఒప్పందం రాసినవాళ్ళు ఈ గడియను ముందే ఊహించారు. వైదొలగే నోటీసు ఆరు నెలలకు గాని అమల్లోకి రాదు. ఆ సమయానికి ఆ దేశం యుద్ధంలో ఉంటే యుద్ధం ముగిసేదాకా రాదు. యుద్ధంలో వాడకుండా ఉండటానికే ఈ చట్టం గాని, శాంతికాలంలో అలంకారానికి కాదని ఆ నిబంధన అర్థం. యుద్ధం వచ్చేలా ఉంది కాబట్టి యుద్ధ చట్టం నుంచి తప్పుకుంటామన్న తర్కాన్ని ఒకసారి ఒప్పుకుంటే, రేపు విషవాయువు ఒప్పందం దగ్గర కూడా ఇదే మాట వినిపిస్తుంది.

అమెరికా, రష్యా, చైనా, భారత్, పాకిస్తాన్ బయట ఉండగా ఈ ఒప్పందానికి విలువేమిటన్న ప్రశ్నకు పొడుగు జవాబు అవసరం లేదు. ఒకప్పుడు యాభైకి పైగా దేశాలు వీటిని తయారుచేసేవి; ఇప్పుడు ఆ జాబితాలో పదీపదిహేను మించి లేవు. దేశాల మధ్య బాహాటంగా సాగే వ్యాపారం దాదాపు ఆగిపోయింది. సంతకం చేయని అమెరికా కూడా 1991 తరువాత యుద్ధభూమిలో దాదాపుగా వీటి జోలికి పోలేదు. 2024 నవంబరులో ఉక్రెయిన్‌కు ఇవ్వడానికి ఒప్పుకుని ఆ మర్యాదను తానే చెడగొట్టుకుంది. రష్యా, మయన్మార్ సైన్యాలకు ఈ సిగ్గు కూడా లేదన్నది వాస్తవం. చట్టాన్ని అందరూ పాటించకపోవడం చట్టాన్ని రద్దు చేయడానికి కారణమైతే మన శిక్షాస్మృతిలో ఒక్క సెక్షనూ మిగలదు.

ఇప్పుడు మన ఇంటి సంగతి. మందుపాతరల నిర్మూలన అంతిమ లక్ష్యమని భారతదేశం అంటుంది, 1996 నుంచి వాటి ఎగుమతిని ఆపేసింది, ఒట్టావా ఒప్పంద దేశాల సమావేశాలకు పరిశీలక హోదాలో వెళుతుంది, ఐక్యరాజ్యసమితి తీర్మానం మీద మాత్రం ఏటా ఓటింగ్‌కు దూరంగా ఉంటుంది. పొడవైన సరిహద్దులున్నాయి, అందరూ ఏకాభిప్రాయానికి వచ్చే వేదిక మీద మెల్లగా తేల్చుకుందాం అన్నది మన వైఖరి. ఆ వేదిక ఏం తేల్చిందో చూశాం. 1996లో అది మందుపాతరలకు కొన్ని ఆంక్షలు పెట్టి ఆగిపోయింది. 2011 నవంబరులో క్లస్టర్ బాంబుల మీద ఆ ఆంక్షలైనా లేకుండా చేతులెత్తేసింది. ఒక్క దేశం కాదన్నా ఆగిపోయే పద్ధతిలో, ఆయుధం ఎక్కువున్నవాడి చేతిలోనే తాళం ఉంటుంది.

సరిహద్దు వాదనకు మన అనుభవమే సమాధానం చెబుతుంది. పార్లమెంటు మీద దాడి తరువాత, 2001 డిసెంబరు నుంచి, ఆపరేషన్ పరాక్రమ్ పేరుతో పంజాబ్, రాజస్థాన్, జమ్ము సరిహద్దుల వెంట సాగుభూముల్లో కూడా లక్షల మందుపాతరలు పాతారు. యుద్ధం రాలేదు. పాతుతూ, తీస్తూ మన జవాన్లే చనిపోయారు, అంగవిహీనులయ్యారు. రైతుల పంట కాలాలు పోయాయి, పశువులు పోయాయి. నియంత్రణ రేఖ వెంట పాతినవి వానలకు, కొండచరియల జారుళ్ళకు కదిలి గుర్తుపెట్టిన చోటు దాటిపోతాయి. 2025 జనవరి 14న నౌషేరా సెక్టార్‌లో గస్తీలో ఉన్న ఆరుగురు సైనికులు మందుపాతర పేలి గాయపడ్డారు. పక్కనున్న శ్రీలంక చూడండి. దశాబ్దాల యుద్ధంలో సైన్యమూ తమిళ పులులూ ఉత్తరాది నేలనంతా మందుపాతరలతో నింపేశాయి. ముహమాలై ఇసుక నేలలో యుద్ధం ముగిసిన పదేళ్ళ తరువాత కూడా మనుషులు మోకాళ్ళ మీద కూర్చుని, పొడుగు పిడి గొర్రులతో ఇసుకను పొరలు పొరలుగా గీకుతూ వాటిని తీస్తూనే ఉన్నారు. ఆ శ్రీలంక 2017లో ఒట్టావా ఒప్పందంలో, మరుసటి ఏడాది క్లస్టర్ బాంబుల ఒప్పందంలో చేరింది. బంగ్లాదేశ్, భూటాన్, మాల్దీవులు, అఫ్ఘానిస్తాన్ అప్పటికే ఒట్టావాలో ఉన్నాయి. దక్షిణాసియాలో బయట మిగిలినవి భారత్, పాకిస్తాన్, నేపాల్ మాత్రమే. మనమేమో 2022లో ‘నిపుణ్’ అనే కొత్త మైనును సైన్యానికి అందించాం.

రేపే సంతకం పెట్టమని నేను అడగడం లేదు, పెట్టరని తెలుసు. అంతకంటే చిన్నవి, వెంటనే చేయగలిగినవి అడగవచ్చు. పరాక్రమ్‌లో పాతినవెన్ని, తీసినవెన్ని, దొరకనివెన్ని, వాటివల్ల పోయిన జవాన్లు, పౌరులు ఎందరన్న లెక్కను పార్లమెంటు ముందు ఉంచాలి. వచ్చే ఏడాది ఐక్యరాజ్యసమితి ఓటింగ్‌లో తటస్థతను ఎందుకు కొనసాగించాలో విదేశాంగ శాఖ సభకు కారణం చెప్పాలి. ములుగు, భద్రాద్రి జిల్లాల అడవి ఊళ్ళలో మందుపాతరకు కాలు పోగొట్టుకున్న ప్రతి ఒక్కరికీ, పోలీసైనా ఆదివాసీ అయినా, బతికున్నంతకాలం కృత్రిమ కాలు మార్చే ఖర్చును ప్రభుత్వం భరిస్తుందని లిఖితపూర్వకంగా హామీ ఇవ్వాలి. ఈ సభలో ఉత్తరం రాయగలవారు చాలామంది ఉన్నారు. మీ పార్లమెంటు సభ్యుడు ఏ పార్టీవారైనా సరే, ఈ మూడింటి గురించీ వారికి రాసి పంపండి, జవాబు వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ రాయండి.